జన్యువు ఒకటే, మీట వేరు: పాల అరుగుదల గురించిన వాదాలపై ఒక విమర్శ

ఉమ్ అల్ క్వైన్, షార్జా ఎమిరేట్ల సరిహద్దు మీద తల్ అబ్రక్ అనే పురాతన మట్టిదిబ్బ ఉంది. 1989లో డానియెల్ పాట్స్ నాయకత్వాన మొదలైన తవ్వకాల్లో అక్కడ కంచు యుగపు కోట, సమాధి, వాటితోపాటు రాశులకొద్దీ జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఒంటె ఎముకలూ ఉన్నాయి. కంచు యుగపు పొరల్లోని ఎముకలు పెద్దవి. అవి వేటాడి తెచ్చిన అడవి ఒంటెలవి. ఇనుప యుగపు పొరల్లో వాటికన్నా చిన్నవి కనిపిస్తాయి. అవి మనిషి పెంచిన ఒంటెలవి. ఈ తేడాను ఆధారం చేసుకుని మార్గరెతే ఊర్ప్‌మన్, హాన్స్-పీటర్ ఊర్ప్‌మన్ ఆగ్నేయ అరేబియాలో ఒంటె మచ్చికైన కాలాన్ని సుమారు 3,000 ఏళ్ల కిందటికి నిర్ణయించారు.

ఈ ఎముకలకూ, అదే తీరంలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రి భోజనాన్ని పెరుగన్నంతో ముగించే తెలుగువారికీ మధ్య ఒక సంబంధం ఉంది. మనుషుల మధ్య జన్యుపరమైన తేడాలు ఎక్కడ ఉంటాయి, ఎలా పనిచేస్తాయి అన్న ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం ఇచ్చిన అత్యంత స్పష్టమైన జవాబుల్లో ఒకటి పాల చుట్టూనే తిరుగుతుంది. ఆ జవాబును వైద్యులూ, పరిశోధకులూ, జన్యుపరీక్షలు అమ్మేవారూ ఎంత తరచుగా తప్పుగా చదువుతున్నారన్నది ఈ వ్యాసవిషయం.

ఊహకు ఇద్దరిని తీసుకోవచ్చు. ఒకరు ఉమ్ అల్ క్వైన్‌లో పుట్టి, ఒంటెపాలతో పెరిగిన అరబ్బు. మరొకరు గుంటూరు నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన ఇంజినీరు. ఇద్దరూ లాలాజలం పంపి జన్యుపరీక్ష చేయించుకున్నారు. ఆ పరీక్ష ఐరోపావారిలో బాగా పరిశోధించిన ఒకే ఒక్క అక్షరాన్ని చూస్తుంది. ఇద్దరికీ ఒకటే నివేదిక వస్తుంది: ‘లాక్టోజ్ అసహనం ఉండే అవకాశం ఎక్కువ’. మొదటివారి విషయంలో ఆ నివేదిక పూర్తిగా తప్పు కావచ్చు. రెండోవారి విషయంలో అక్షరార్థంలో ఒప్పు, ఆచరణలో దాదాపు నిరర్థకం. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. జన్యువుకూ, జన్యువును నడిపించే మీటకూ ఉన్న తేడాను పట్టించుకోకపోవడం.

చెడిపోని జన్యువు

పాలలోని చక్కెర లాక్టోజ్. చిన్నపేగు గోడలో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైము దాన్ని గ్లూకోజ్, గెలాక్టోజ్‌లుగా విడగొడుతుంది. చంటిపిల్లలందరిలోనూ ఈ ఎంజైము సమృద్ధిగా ఉంటుంది. తల్లిపాలు మానిన తరవాత క్షీరదాలన్నిటిలోనూ దాని ఉత్పత్తి తగ్గిపోతుంది. ప్రపంచంలోని మనుషుల్లో ఎక్కువమందిలో జరిగేది ఇదే. కొందరిలో మాత్రం ఉత్పత్తి జీవితాంతం కొనసాగుతుంది.

ఈ రెండు వర్గాలవారిలోనూ లాక్టేజ్ జన్యువు ఒకటే. ప్రొటీన్‌ను నిర్దేశించే భాగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ భాగమే చెడిపోయిన వ్యాధి వేరే ఉంది. అది ఫిన్లండ్‌లో ఎక్కువగా గుర్తించిన, పుట్టుకతో వచ్చే లాక్టేజ్ లోపం. ఆ శిశువులు తల్లిపాలు తాగిన మొదటి రోజుల్లోనే తీవ్రమైన విరేచనాలతో ప్రమాదంలో పడతారు. పెద్దవయసులో పాలు సరిగా అరగనివారి పరిస్థితి అది కాదు. వారి జన్యువు బాల్యంలో చక్కగా పనిచేసింది. తరవాత దాన్ని ఎవరూ చెరపలేదు, పని తగ్గించారంతే. ఒకటి పుస్తకంలో పేజీ చిరిగిపోవడం, మరొకటి చదవడం మానెయ్యడం. ‘లోపం’ అన్న ఒకే మాటతో రెంటినీ పిలవడమే మొదటి పొరపాటు.

జన్యువు ఎప్పుడు, ఏ కణజాలంలో, ఎంత పనిచేయాలో నిర్ణయించే ఏర్పాటే జన్యు నియంత్రణ. దాని తొలి స్పష్టమైన నమూనా కూడా లాక్టోజ్ నుంచే వచ్చింది. 1961లో ఫ్రాన్స్వా జాకోబ్, జాక్ మొనో ఇ. కోలై అనే బాక్టీరియాలో లాక్టోజ్ ఉన్నప్పుడే దాన్ని విడగొట్టే ఎంజైము ఎలా తయారవుతుందో వివరించారు. 1965లో ఆంద్రే ల్వోఫ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. 1975లో మేరీ-క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ ఇంకొక అడుగు వేసి, మనిషికీ చింపాంజీకీ ప్రొటీన్లలో ఉన్న తేడా చాలా స్వల్పమనీ, ఆకారంలోనూ నడతలోనూ కనిపించే పెద్ద తేడాలకు నియంత్రణలోని మార్పులే ప్రధాన కారణం కావచ్చనీ వాదించారు. జాతుల మధ్య తేడాకు వర్తించిన ఆ ఆలోచన, మనిషికీ మనిషికీ మధ్య తేడాకూ వర్తిస్తుందని లాక్టేజ్ చూపించింది.

మీట ఎక్కడుంది?

ప్రతి మనిషిలోనూ లాక్టేజ్ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. పెద్దవయసులో ఉత్పత్తి కొనసాగడానికి కారణం ఏ హార్మోనో, రక్తంలో తిరిగే మరేదో పదార్థమో అయితే దాని ప్రభావం రెండు ప్రతుల మీదా సమానంగా ఉండాలి. 1995లో వాంగ్, డాలస్ స్వాలో బృందం పేగు కణజాలంలో రెండు ప్రతుల ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా కొలిచి చూసింది. కొందరిలో ఒక ప్రతి బాగా పనిచేస్తోంది, పక్కనే ఉన్న రెండో ప్రతి దాదాపు మౌనంగా ఉంది. రెండూ ఉన్నది ఒకే కణంలో, ఒకే వాతావరణంలో. కనుక తేడా ఆ డీఎన్‌ఏ పోగులోనే, జన్యువుకు దగ్గరలోనే ఉండాలి. జన్యు నియంత్రణలోని వ్యక్తిగత తేడాలను పట్టుకోవడానికి ఈ తర్కం నేటికీ అత్యంత నమ్మదగిన పద్ధతుల్లో ఒకటి.

ఆ చోటు 2002లో దొరికింది. ఫిన్లండ్ కుటుంబాలను పరిశీలించిన నబీల్ ఎనత్తా బృందం, లాక్టేజ్ జన్యువు ఆరంభానికి 13,910 అక్షరాల ముందు ‘సి’కి బదులు ‘టి’ ఉన్నవారిలో ఎంజైము కొనసాగుతోందని కనుగొంది. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ చోటు లాక్టేజ్ జన్యువులో లేదు. కణవిభజనకు సంబంధించిన ఎంసీఎం6 అనే పొరుగు జన్యువులోని ఒక ఇంట్రాన్‌లో, అంటే ప్రొటీన్‌కు పనికిరాని మధ్యభాగంలో ఉంది. పొరుగింటి గోడలో అమర్చిన మీటతో ఈ ఇంటి దీపం వెలగడం లాంటిది ఇది. ‘టి’ ఉన్న పోగుకు అక్టోబర్-1 కాదు, ఆక్ట్-1 అనే నియంత్రక ప్రొటీన్ మరింత గట్టిగా అంటుకుంటుందని ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. 

వయసుతోపాటు జరిగేది ఏమిటో 2016లో మరికొంత తెలిసింది. ‘సి’ ఉన్న ప్రతి మీద ఏళ్లు గడిచేకొద్దీ మిథైల్ గుర్తులు పేరుకుని ఆ ప్రాంతం మూసుకుపోతుంది. ‘టి’ ఉన్న ప్రతి తెరుచుకునే ఉంటుంది. అంటే ఆ ఒక్క అక్షరం జన్యువును కొత్తగా పనిలోకి దించదు. మామూలుగా జరిగే మూసివేతను అడ్డుకుంటుంది. ఒక్క ప్రతిలో ‘టి’ ఉన్నవారిలో ఎంజైము మోతాదు మధ్యస్థంగా ఉంటుంది. పాలు అరగడానికి అది సాధారణంగా చాలు.

ఒకే ఫలితం, వేరు వేరు అక్షరాలు

పాలు సమృద్ధిగా తాగే అరబ్బుల్లో, తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో ఈ ‘టి’ దాదాపు కనిపించదు. అయినా వారికి పాలు అరుగుతాయి. 2007లో సారా టిష్‌కాఫ్ బృందం కెన్యా, టాంజానియా ప్రాంతాల్లో 14,010వ స్థానంలో వేరొక మార్పును గుర్తించింది. సూడాన్, ఇథియోపియా ప్రాంతాల్లో మరికొన్నిటిని చూపింది. సౌదీ అరేబియాలో ప్రధానమైనది 13,915వ స్థానంలో ‘టి’కి బదులు ‘జి’. ఐరోపావారి అక్షరానికి అది అయిదు అక్షరాల దూరంలో మాత్రమే ఉంది. అదే మీట, వేరే వేలు. 2008లో ఎనత్తా బృందం ఆ మార్పు చుట్టూ ఉన్న డీఎన్‌ఏను పరిశీలించి, అది ఐరోపా మార్పుతో సంబంధం లేకుండా స్వతంత్రంగా పుట్టిందని తేల్చింది.

ఊహలోని అరబ్బు నివేదిక ఎందుకు తప్పో ఇప్పుడు స్పష్టం. 13,910 దగ్గర అతనికి రెండు ‘సి’లు ఉన్నాయి, నిజమే. అయిదు అక్షరాల అవతల ఉన్న ‘జి’ని పరీక్ష చూడనే లేదు. ఒక జనసమూహంలో దొరికిన గుర్తును మానవజాతికంతటికీ కొలబద్దగా వాడితే, ఆరోగ్యవంతుడు అనారోగ్యవంతుల జాబితాలో చేరతాడు. ఇందులో యంత్రం తప్పేమీ లేదు. తప్పు ప్రశ్నలోనే ఉంది.

అదే 2008 పరిశోధన మరొక మాట కూడా అన్నది: అరేబియా మార్పు బహుశా ఒంటెపాల వాడకానికి స్పందనగా వ్యాపించి ఉండవచ్చునని. పరిశోధకులు ‘బహుశా’ అన్నారు. తరవాత ఆ మాటను ఎత్తిరాసినవారిలో చాలామంది ఆ ‘బహుశా’ను వదిలేశారు. తల్ అబ్రక్ ఎముకలు ఇక్కడే పనికివస్తాయి. ఆ తీరంలో ఒంటె మచ్చికైంది సుమారు 3,000 ఏళ్ల కిందట. మేకలు, గొర్రెలు, ఆవులు మాత్రం అంతకు కొన్ని వేల ఏళ్ల ముందునుంచే పెంపకంలో ఉన్నాయి. ఉమ్ అల్ క్వైన్ తీరంలోని నవీన శిలాయుగపు స్థావరాలవారు చేపలు పట్టడంతోపాటు మందలనూ మేపారు. మేకపాలలోనూ లాక్టోజ్ ఉంది, ఒంటెపాలలోనూ ఉంది. ఎంజైముకు జంతువు పేరుతో పనిలేదు. ఆ మార్పు మేకపాల కాలంలోనే పుట్టి, నీరు దొరకని ఎడారిలో ఒంటెపాలే ఆధారమైన తరవాత వేగంగా వ్యాపించి ఉండవచ్చు. లేదా పూర్తిగా ఒంటె కాలానిదే కావచ్చు. ఎముకలు జంతువు ఎప్పుడు మచ్చికైందో చెబుతాయి, దాని పాలు ఎవరు తాగారో చెప్పవు. ఇప్పుడు బతికి ఉన్నవారి జన్యువులు వంశక్రమాన్ని చెబుతాయి, పాత్రలో ఏముందో చెప్పవు. ఈ రెంటినీ కలిపి ఒక చక్కని కథ అల్లడం సులువు. కథ చక్కగా ఉండటం రుజువు కాదు.

దక్షిణాది అంకెలు, ఆర్యుల కథ

ఇలాంటి తొందర తెలుగునేల విషయంలోనూ జరిగింది. భారతీయుల్లో లాక్టేజ్ తగ్గుదల గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వినోదినీ రెడ్డి, పర్షాద్ 1972లోనే పరిశోధనపత్రం ప్రచురించారు. 1981లో టాండన్ బృందం దేశంలోని వివిధ ప్రాంతాలకు చెందిన 200 మంది ఆరోగ్యవంతులను పరీక్షించింది. పాలచక్కెర అరగనివారు ఉత్తరాదిలో 27.4 శాతం; తిరువనంతపురం, పుదుచ్చేరి కేంద్రాల్లో 66.6 శాతం. ఈ అంకెలు విలువైనవి. దక్షిణాదిలో ఎక్కువమందికి పెద్దవయసులో లాక్టేజ్ తగ్గుతుందన్న సంగతిని తరవాతి పరిశోధనలూ బలపరిచాయి. చిక్కు అంకెలతో కాదు, వాటికి ఇచ్చిన వివరణతో వచ్చింది. ఉత్తరాదివారు ఎంతో కాలంగా పాడిని నమ్ముకున్న ఆర్యుల సంతతి కావడం బహుశా అందుకు కారణమని ఆ పత్రం సూచించింది.

ఆ వివరణలో ఎంత నిజముందో 2012లో ఐరీన్ గాలెగో రొమేరో బృందం చేసిన పరిశోధనతో పోల్చి చూడాలి. భారతదేశం నలుమూలల నుంచి సేకరించిన నమూనాల్లో వారు కనుగొన్నది ఇది: భారతీయుల్లో ప్రధానమైన మార్పు 13,910 దగ్గరి ‘టి’యే, అది ఐరోపాలోని ‘టి’తో ఒకే మూలం నుంచి వచ్చింది. వాయవ్యంలో ఎక్కువగా, దక్షిణానికీ తూర్పుకూ పోయేకొద్దీ తక్కువగా కనిపిస్తుంది. పశుపాలక సమూహాల్లో ఇతరులకన్నా ఎక్కువ. కనుక ఆ అక్షరం పడమటి దిక్కు నుంచి వచ్చిందన్నంతవరకు 1981 నాటి ఊహ పూర్తిగా గాలిలో మేడ కాదు. నిజాయితీగా ఆ మేరకు ఒప్పుకోవాలి.

ఒప్పుకున్నాక మూడు అభ్యంతరాలు మిగులుతాయి. మొదటిది: ఆర్య, ద్రావిడ అన్నవి భాషాకుటుంబాల పేర్లు. అక్షరం పంపిణీని భాషకన్నా వృత్తీ, భౌగోళిక స్థానమూ బాగా వివరిస్తున్నప్పుడు భాష పేరును కారణంగా చెప్పడం సరికాదు. రెండోది: ఒక్క అక్షరపు వంశావళి మనిషి మొత్తం వంశావళి కాదు. లాభం కలిగించే మార్పు కొద్దిమంది ద్వారా వచ్చినా, తరాల తరబడి ఎంపికవుతూ వారి ఇతర జన్యువులను వెనక వదిలి విస్తరించగలదు. ఒక కుటుంబంలో ‘టి’ ఉన్నంత మాత్రాన వారి పూర్వీకులందరూ ఎక్కడివారో తెలియదు. మూడోది: పరీక్షకు సంబంధించినది. ఆ కాలపు లాక్టోజ్ పరీక్షల్లో సాధారణంగా ఇచ్చే మోతాదు 50 గ్రాములు. అది ఒక లీటరు పాలతో సమానం. ఒకే గుక్కలో లీటరు పాలు తాగే పరిస్థితి ఏ ఇంట్లో ఎదురవుతుంది? రక్తంలో గ్లూకోజ్ తగినంత పెరగలేదంటే లాక్టోజ్ పూర్తిగా శోషణ కాలేదని అర్థం. ఆ మనిషి పాలను భరించలేడని కాదు.

అరగకపోవడం వేరు, పడకపోవడం వేరు

ఊహలోని తెలుగు ఇంజినీరు నివేదిక నిరర్థకమనడానికి కారణం ఇదే. అతని మీట మూసుకుపోయిందన్నది నిజమే కావచ్చు. అయినా కాఫీలో కలిసే 100 మిల్లీలీటర్ల పాలలో లాక్టోజ్ 5 గ్రాములకు మించదు. లాక్టేజ్ తగ్గినవారిలో చాలామంది ఒకసారికి 12 గ్రాముల దాకా, అంటే పెద్ద గ్లాసెడు పాల వరకు, బాధ లేకుండా తీసుకోగలరని 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సదస్సు తేల్చింది. తోడు వేసిన పాలలో బాక్టీరియా కొంత లాక్టోజ్‌ను ముందే తినేస్తుంది; పెరుగుతోపాటు లోపలికి వెళ్లిన ఆ బాక్టీరియా ఎంజైము పేగులోనూ కొంత పని చేస్తుంది. నేతిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. తెలుగువారి భోజనంలో పచ్చిపాలకన్నా పెరుగుకూ, మజ్జిగకూ, నేతికీ ఉన్న పెద్దపీట ఈ శరీరధర్మానికి చక్కగా సరిపోయింది. అరేబియాలో లబన్ స్థానమూ అలాంటిదే.

‘రోజూ తాగితే అలవాటవుతుంది’ అన్న ఇంటి మాటను కూడా ఇక్కడ పరీక్షించవచ్చు. పాలు ఎంత తాగినా పెద్దవారి పేగులో లాక్టేజ్ తిరిగి పెరగదు. ఆ మీటకు లాక్టోజ్ రాకపోకలు తెలియవు. అయినా క్రమంగా అలవాటు చేసుకున్న కొందరిలో ఉబ్బరం తగ్గుతుంది. పెద్దపేగులోని బాక్టీరియా సమూహం మారడమే అందుకు కారణం. అక్కడ పనిచేసేది జాకోబ్, మొనో వర్ణించిన తరహా మీట: చక్కెర వస్తే తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. ఒకే మనిషి కడుపులో వంశపారంపర్యంగా వచ్చిన మీట ఒకటి, భోజనాన్ని బట్టి మారే మీటలు కోట్లాది. లాలాజల పరీక్ష మొదటిదాన్ని మాత్రమే చూసి మనిషి మీద తీర్పు చెబుతుంది.

2022లో రిచర్డ్ ఎవర్‌షెడ్ బృందం ఐరోపాలోని పురాతన కుండల్లో మిగిలిన పాలకొవ్వు ఆనవాళ్లను, ప్రాచీన డీఎన్‌ఏను కలిపి పరిశీలించి ఈ వాదానికి బలం చేకూర్చింది. లాక్టేజ్ కొనసాగే అక్షరం వ్యాపించడానికి వేల ఏళ్ల ముందే అక్కడివారు పాలు వాడుతున్నారు. పాలవాడకపు హెచ్చుతగ్గులకన్నా కరువులూ, అంటువ్యాధులూ ఆ అక్షరం వ్యాప్తిని మెరుగ్గా వివరిస్తున్నాయి. కడుపు నిండిన రోజుల్లో కాస్త ఉబ్బరంగా మిగిలే ఇబ్బంది, కరువులో నీరసించినవాడికి ప్రాణాంతకమైన విరేచనంగా మారవచ్చు. అంటే ఈ అక్షరం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు పరిస్థితితో నిమిత్తం లేని జవాబు లేదు.

సులువైన ఉదాహరణ చెప్పే కఠినమైన సంగతి

జన్యు నియంత్రణలో లాక్టేజ్ అతి సులువైన ఉదాహరణ. ఒకే అక్షరం, పెద్ద ప్రభావం, కొలవడానికి వీలైన ఫలితం. అయినా ఇన్ని పొరపాట్లు జరిగాయి. మధుమేహం, గుండెజబ్బు వంటి వాటితో ముడిపడిన అక్షరభేదాల్లో తొంభై శాతం దాకా ప్రొటీన్లను నిర్దేశించే భాగాల వెలుపలే ఉన్నాయి. అవి వందల సంఖ్యలో ఉండి, ఒక్కొక్కటీ ఏదో ఒక జన్యువు పనిని ఏదో ఒక అవయవంలో కొద్దిగా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. ఏ అక్షరం ఏ జన్యువును కదిలిస్తుందో తెలియడానికి కణజాలాల్లో ఆర్‌ఎన్‌ఏను కొలవాలి. ఆ పనికి ప్రపంచం ఎక్కువగా ఆధారపడుతున్న జీటెక్స్ భాండాగారంలో, 2020 నాటి విశ్లేషణకు తీసుకున్న 838 మంది దాతల్లో దాదాపు 85 శాతం ఐరోపా మూలాలవారు. ఆసియా మూలాలవారు ఒకటిన్నర శాతం లోపే.

ఈ లోటును పూడ్చే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఎమిరేట్స్ తన పౌరుల కోసం ఎమిరాతీ జీనోమ్ కార్యక్రమాన్ని నడుపుతోంది. భారతదేశంలో జీనోమ్ ఇండియా పథకం 10,000 మంది జన్యుక్రమాల లక్ష్యంతో సాగింది. హైదరాబాదులోని సీసీఎంబీ అందులో భాగస్వామి. రెండూ అవసరమైనవే. అయితే జన్యుక్రమం చదవడం మీటలు ఎక్కడెక్కడ వేరుగా ఉన్నాయో చూపుతుంది. అవి పేగులోనో, కాలేయంలోనో ఏం చేస్తున్నాయో దానంతటదే చెప్పదు. 1995లో పేగు ముక్కలో రెండు ప్రతులను పక్కపక్కన పెట్టి కొలిచిన ఓపికే ఇప్పుడు వేల జన్యువుల విషయంలో, ఇన్నాళ్లూ లెక్కలోకి రాని జనసమూహాల్లో కావాలి.

అంతవరకు ఉమ్ అల్ క్వైన్‌లోని తెలుగు ఇంజినీరు చేతికి వచ్చే ప్రతి జన్యునివేదికకూ ఒక ప్రశ్న వేయడం న్యాయం: ఈ అక్షరానికి ఈ అర్థం ఎవరిని చూసి నిర్ణయించారు? పాల విషయంలో అతనికి అంతకన్నా నమ్మకమైన సాక్ష్యం దగ్గరలోనే ఉంది. గ్లాసెడు పాలు తాగితే ఏమవుతోంది, పెరుగు తింటే ఏమవుతోంది అన్న సంగతి అతనికే తెలుసు. వైద్యుడు మొదట అడగవలసింది కూడా అదే.